ధాన్యం పక్కన పప్పు: నేలకు మిగిలే నత్రజని ఎంత?

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌కు తూర్పున, ఆరంగ్ వైపు సాగే జాతీయ రహదారి 53పై మందిర్ హసౌద్ ఉంది. రాయ్‌పూర్ - విజయనగరం రైలు మార్గంలోని స్టేషన్లలో ఇదొకటి. వరి సాగుకు పేరొందిన ఛత్తీస్‌గఢ్ మైదానంలో ఇది భాగం. ఈ మైదానంలో తరతరాలుగా ఒక పద్ధతి కొనసాగుతోంది. అక్టోబరులో వరి గింజ పాలు పోసుకుని గట్టిపడే దశలో, పైరు ఇంకా నిలబడి ఉండగానే, తడి నేలపై పప్పుధాన్యాల విత్తనాలు చల్లుతారు. దుక్కి ఉండదు, ప్రత్యేకంగా నీరు పెట్టరు. వరి కోసే నాటికి పప్పు మొలకలు నేలపై నిలదొక్కుకుంటాయి. ఈ పద్ధతిని స్థానికంగా ‘ఉతేరా’ అంటారు. బిహార్, బెంగాల్ ప్రాంతాల్లో ఇదే ‘పైరా’. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి మాగాణుల్లో మినుము, పెసర చల్లే పద్ధతి కూడా ఈ కోవలోనిదే.

పప్పు పంట వేస్తే నేలకు బలం వస్తుందన్నది రైతులందరికీ తెలిసిన మాట. ధాన్యపు పంట పక్కన పప్పు పంట ఉంటే దాని నత్రజనిని ధాన్యం కూడా పంచుకుంటుందన్న నమ్మకమూ ఉంది. ఈ రెండు మాటల్లో నిజం ఉంది, కానీ పూర్తిగా కాదు. పప్పు పంట గాలి నుంచి ఎంత నత్రజని తెచ్చింది, కోతలో పొలం దాటి ఎంత వెళ్లిపోయింది అన్న రెండు అంకెల మధ్య తేడాయే నేలకు మిగిలేది. ఆ తేడా లాభం కావచ్చు, సున్నా కావచ్చు, నష్టమూ కావచ్చు. ఎరువు తగ్గించుకోవాలని చూసే రైతుకు ఈ లెక్క తెలియడం ముఖ్యం.

నేలలో నత్రజని ఎక్కడ ఉంటుంది?

గాలిలో దాదాపు 78 శాతం నత్రజనే. అయితే దాని అణువులోని రెండు పరమాణువులు మూడు బంధాలతో గట్టిగా పెనవేసుకుని ఉంటాయి. ఆ బంధాన్ని విడగొట్టే శక్తి వరికి గానీ, జొన్నకు గానీ, మొక్కజొన్నకు గానీ లేదు. ఈ పంటల వేర్లు నత్రజనిని ప్రధానంగా అమ్మోనియం, నైట్రేట్ అనే రెండు రూపాల్లోనే తీసుకోగలవు.

నేలలోని నత్రజనిలో 90 శాతానికి పైగా సేంద్రియ పదార్థంలో బంధించి ఉంటుంది. ఒక హెక్టారులో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 22.4 లక్షల కిలోలు. అందులో మొత్తం నత్రజని 0.05 శాతం ఉందనుకుంటే, అది సుమారు 1,100 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 20.7 కిలోలు మాత్రమే. అంటే పేద నేలలో కూడా 50కి పైగా బస్తాలకు సమానమైన నత్రజని నిల్వ ఉంటుంది. అయితే సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని కుళ్లబెట్టినప్పుడే అందులో కొద్ది భాగం ఏటా పంటకు అందే రూపంలోకి మారుతుంది. నేల బలం అంటే ఈ నిల్వ, అది విడుదలయ్యే వేగం. పంటల కలయిక ప్రభావం చూపేది ఈ రెండింటిపైనే.

గాలి నుంచి వేరు బుడిపెలోకి

తృణధాన్యాలు, పప్పుధాన్యాలు నత్రజని విషయంలో వేర్వేరు దారుల్లో నడుస్తాయని 19వ శతాబ్దంలో ప్రయోగపూర్వకంగా తేలింది. జర్మనీ శాస్త్రవేత్తలు హెర్మన్ హెల్‌రీగెల్, హెర్మన్ విల్‌ఫార్త్ ఇసుకలో పంటలు పెంచి పరిశీలించారు. ధాన్యపు మొక్కల ఎదుగుదల వాటికి ఇచ్చిన నైట్రేట్‌ను బట్టి పెరిగింది, తగ్గింది. బఠాణీ వంటి మొక్కలు నైట్రేట్ లేకున్నా, వేర్లపై బుడిపెలు ఏర్పడితే చాలు, ఏపుగా పెరిగాయి. ఆ ఫలితాలు 1888లో వెలువడ్డాయి. అదే ఏడాది నెదర్లాండ్స్ శాస్త్రవేత్త మార్టినస్ బేయరింక్ ఆ బుడిపెల్లోని బ్యాక్టీరియాను వేరుచేశారు. రైతులు నేడు ‘రైజోబియం కల్చర్’ పేరుతో విత్తనానికి పట్టించేది ఈ తరహా బ్యాక్టీరియానే.

బుడిపెలోని బ్యాక్టీరియాకు మొక్క చక్కెరలు అందిస్తుంది. ప్రతిఫలంగా బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి ఇస్తుంది. ఈ పని చేసే ఎంజైమ్ నైట్రోజనేస్. ఒక్క నత్రజని అణువును విడగొట్టడానికి కనీసం 16 ఏటీపీ అణువుల శక్తి ఖర్చవుతుంది. ప్రాణవాయువు ఎక్కువైతే ఈ ఎంజైమ్ పనిచేయదు, పూర్తిగా లేకపోతే బ్యాక్టీరియా ఊపిరి ఆగుతుంది. ఈ రెంటి మధ్య సమతూకం కాపాడేది లెగ్‌హీమోగ్లోబిన్ అనే ఎర్రని వర్ణకం. చురుగ్గా పనిచేస్తున్న బుడిపెను గోటితో చీల్చితే లోపల గులాబీ రంగు కనిపించడానికి కారణం ఇదే. ఆకుపచ్చగానో బూడిద రంగులోనో ఉంటే ఆ బుడిపె పని ముగిసినట్టు.

ఇంత ఖర్చుతో కూడిన పని కాబట్టి మొక్క దీన్ని అవసరం మేరకే చేస్తుంది. చుట్టూ నైట్రేట్ సమృద్ధిగా ఉంటే, కొత్త బుడిపెలు ఏర్పడటం తగ్గుతుంది. ఉన్నవీ మందగిస్తాయి. చౌకగా నేలలో దొరికే నత్రజనిని వదిలి, ఖరీదైన గాలి నత్రజని కోసం పప్పు మొక్క శ్రమపడదు. ధాన్యంతో కలిపి వేసినప్పుడు ఏం జరుగుతుందో అర్థం చేసుకోవడానికి ఈ గుణమే కీలకం.

పక్కపక్కన పెరిగినప్పుడు

రెండు పంటలు ఒకే పొలంలో పెరిగినప్పుడు నత్రజని మూడు విధాలుగా కదులుతుంది.

మొదటిది పంపకం. జొన్న, మొక్కజొన్న, కొర్ర వంటి పంటలకు గుబురైన పీచు వేర్లు ఉంటాయి. అవి నేలలోని నైట్రేట్‌ను వేగంగా పీల్చేస్తాయి. పక్కనే ఉన్న కందికో, మినుముకో నేలలో దొరికేది తగ్గుతుంది. అప్పుడు పప్పు మొక్క గాలి నత్రజనిపై ఎక్కువగా ఆధారపడక తప్పదు. విడిగా వేసిన పప్పు పంట తన అవసరంలో గాలి నుంచి పొందే శాతం కంటే, ధాన్యంతో కలిసి ఉన్నప్పుడు పొందే శాతం ఎక్కువగా ఉండటం అనేక దేశాల ప్రయోగాల్లో కనిపించింది. ఇక ధాన్యానికి కలిగే మేలు ఏమిటంటే, పక్కన మరో ధాన్యపు మొక్క ఉంటే పంచుకోవాల్సిన నేల నత్రజనిని ఇక్కడ పోటీ లేకుండా వాడుకోగలగడం. పప్పు పంట తన వాటాను వదులుకోవడం వల్ల దక్కేదే ఇందులో ఎక్కువ.

రెండోది నేరుగా జరిగే బదిలీ. పప్పు మొక్క వేర్ల నుంచి స్రవించే పదార్థాలు, రాలిపోయే పాత వేర్లు, బుడిపెలు కుళ్లి విడుదలయ్యే నత్రజని, వేర్లను కలిపే శిలీంధ్రపు దారాలు ఇందుకు మార్గాలు. అయితే ఒకే సీజనులో, స్వల్పకాలిక పంటల మధ్య ఈ బదిలీ సాధారణంగా తక్కువే. బుడిపెలో తయారైన నత్రజనిలో అధిక భాగం ఆ మొక్క ఆకులకు, ఆ తర్వాత గింజలకే చేరుతుంది. పక్క మొక్కకు పంచడం కోసం పప్పు మొక్క నత్రజనిని తయారు చేసుకోదు.

మూడోది తర్వాతి పంటకు మిగిలేది. రాలిన ఆకులు, కొయ్యలు, వేర్లు నేలలో కుళ్లినప్పుడు అందులోని నత్రజని క్రమంగా విడుదలవుతుంది. పప్పు పంటల ఆకులో కార్బన్‌తో పోలిస్తే నత్రజని ఎక్కువ కాబట్టి అవి త్వరగా కుళ్లుతాయి. వరిగడ్డిలో ఇది తలకిందులు. కార్బన్ బాగా ఎక్కువగా ఉండటంతో, వరిగడ్డిని నేలలో కలిపిన కొత్తలో సూక్ష్మజీవులు చుట్టుపక్కల నత్రజనిని తామే వాడుకుని కొంతకాలం బంధించి ఉంచుతాయి. ఈ రెండు రకాల వ్యర్థాలు కలిసినప్పుడు విడుదల మధ్యస్థ వేగంతో సాగుతుంది.

దీనికి మరో కోణం ఉంది. గాలి నుంచి పొందే శాతం పెరిగినంత మాత్రాన హెక్టారుకు చేరే మొత్తం కిలోలు పెరగవు. కలిపి వేసినప్పుడు పప్పు మొక్కల సంఖ్య తగ్గుతుంది. ఎత్తుగా పెరిగే ధాన్యం నీడ వాటిపై పడుతుంది. నీడలో చక్కెరల తయారీ తగ్గితే బుడిపెలకు అందే ఆహారం కూడా తగ్గుతుంది. అందుకే వరుసల నిష్పత్తి, మొక్కల ఎత్తు, పంటకాలం చూసి జోడీని ఎంచుకోవాలి.

వరి మడిలో ఉతేరా

ఛత్తీస్‌గఢ్ మైదానపు రైతులు నేలలను నాలుగు ప్రధాన రకాలుగా పిలుస్తారు. ఎత్తు ప్రాంతాల్లోని కంకర ఎర్రనేల ‘భాటా’. దాని దిగువన పసుపు ఛాయ గల తేలిక నేల ‘మటాసి’. మరింత దిగువన బరువైన ‘డోర్సా’, అన్నిటికన్నా పల్లపు నల్లరేగడి ‘కన్హార్’. ఉతేరాకు అనువైనవి చివరి రెండు. వర్షాలు ఆగిన తర్వాత కూడా వాటిలో తేమ చాలా రోజులు నిలుస్తుంది. భాటా, మటాసి నేలలు త్వరగా ఆరిపోతాయి.

వరి కోతకు సుమారు 15 నుంచి 25 రోజుల ముందు విత్తనం చల్లడం ఉతేరాలో సాధారణం. ఇక్కడ ఎక్కువగా కనిపించే పంట ఖేసరి. స్థానికంగా దీన్ని ‘తివ్రా’ అంటారు. శనగ, మసూర్, మినుము, అవిసె కూడా చల్లుతారు. వీటిలో అవిసె నూనెగింజ పంట. దానికి బుడిపెలు లేవు. అవిసె ఉతేరా తేమను ఉపయోగంలోకి తెస్తుంది గానీ గాలి నత్రజనిని నేలకు చేర్చదు. ఉతేరా వేసిన పొలాలన్నీ నత్రజని విషయంలో ఒకటే అనుకోవడం అందువల్ల పొరపాటు.

ఖేసరి కరవును, నీటి ఎద్దడిని, బరువు నేలలోని అధిక తేమను కూడా తట్టుకుంటుంది. అయితే దాని గింజలో ఓడాప్ అనే నాడీ విషపదార్థం ఉంటుంది. ఖేసరిని నెలల తరబడి ప్రధాన ఆహారంగా తిన్నవారికి కాళ్లు చచ్చుబడే లాథిరిజం వ్యాధి సోకే ముప్పు ఉంది. కరవు కాలాల్లో మధ్య భారతంలో ఈ వ్యాధి విస్తరించిన చరిత్ర ఉంది. ఈ కారణంతోనే ఖేసరి అమ్మకంపై ఆంక్షలు వచ్చాయి. ఈ పదార్థం తక్కువగా ఉండే రకాలపై పరిశోధన సాగింది. 1987లో ఏర్పడిన రాయ్‌పూర్‌లోని ఇందిరా గాంధీ కృషి విశ్వవిద్యాలయం రూపొందించిన ప్రతీక్, మహాతివ్రా రకాలు ఈ కోవలోనివే. నేలకు మేలు చేసే పంట మనిషికి కూడా సురక్షితంగా ఉండాలన్నది ఈ అనుభవం నేర్పిన పాఠం.

నీరు నిలిచినప్పుడు, ఆరినప్పుడు

వరి మడిలో పప్పు పంటకు మరో పాత్ర ఉంది. నీరు నిలిచిన మడిలో ప్రాణవాయువు ఉండదు. అక్కడ నత్రజని ప్రధానంగా అమ్మోనియం రూపంలో ఉంటుంది. వరి కోత తర్వాత నేల ఆరి పగుళ్లు తేలితే గాలి చొరబడుతుంది. అప్పుడు సూక్ష్మజీవులు అమ్మోనియంను నైట్రేట్‌గా మారుస్తాయి. బీడు ఉంచిన పొలంలో ఆ నైట్రేట్‌ను పీల్చుకునే పంట ఉండదు. వచ్చే జూన్, జులైలో తొలకరి కురిసి మడిలో మళ్లీ నీరు నిలిచినప్పుడు, పేరుకున్న నైట్రేట్‌లో కొంత లోపలి పొరల్లోకి జారిపోతుంది. మరికొంత ప్రాణవాయువు లేని స్థితిలో వాయు రూపంలో గాలిలో కలుస్తుంది. ఆ వాయువుల్లో ఒకటైన నైట్రస్ ఆక్సైడ్‌కు, వందేళ్ల లెక్కన చూస్తే, కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు భూమిని వేడెక్కించే గుణం ఉంది.

పొలంలో ఉతేరా పంట ఉంటే ఈ నైట్రేట్‌లో కొంత భాగాన్ని అది పట్టుకుని తన ఆకుల్లో, వేర్లలో భద్రపరుస్తుంది. అలా వృథా అయ్యే నత్రజని సేంద్రియ రూపంలో మడిలోనే ఉండిపోతుంది. గాలి నుంచి కొత్త నత్రజని తేవడం, ఉన్నదాన్ని పోకుండా ఆపడం అనే రెండు పనులు పప్పు పంట చేస్తుంది. వరి తర్వాతి పప్పు విషయంలో రెండోదాన్ని తరచుగా లెక్కలోకి తీసుకోరు.

జమాఖర్చు లెక్క

పప్పు గింజల్లో మాంసకృత్తులు 20 నుంచి 25 శాతం వరకు ఉంటాయి. మాంసకృత్తుల్లో సుమారు ఆరోవంతు నత్రజనే. ఆ లెక్కన 100 కిలోల పప్పు గింజలతో పాటు సుమారు 3.2 నుంచి 4 కిలోల నత్రజని పొలం దాటుతుంది. వరి గింజలో ఇది ఒక కిలోకు కాస్త పైన మాత్రమే. అంటే బరువుకు బరువు చూస్తే, నేల నుంచి ఎక్కువ నత్రజనిని తరలించేది పప్పు గింజే.

విషయం స్పష్టం కావడానికి ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకోవచ్చు. ఒక హెక్టారులో పప్పు పంట మొత్తం 40 కిలోల నత్రజనిని సమకూర్చుకుంది. అందులో 20 కిలోలు గింజలో, 10 కిలోలు పొట్టు, కట్టెలో, మిగతా 10 కిలోలు రాలిన ఆకుల్లో, వేర్లలో ఉన్నాయి. మొత్తంలో 70 శాతం, అంటే 28 కిలోలు గాలి నుంచి వచ్చాయి. 12 కిలోలు నేల నుంచి వచ్చాయి.

రైతు గింజను మాత్రమే ఇంటికి చేర్చి, పొట్టును, కట్టెను పొలానికే తిరిగి ఇస్తే, నేలకు 28లో 20 పోగా 8 కిలోలు మిగులుతాయి. పొట్టును, కట్టెను కూడా పశువుల మేతకు తరలిస్తే పొలం దాటేది 30 కిలోలు. అప్పుడు నేలకు 2 కిలోల లోటు. గాలి నుంచి వచ్చే వాటా 70 శాతం కాక 50 శాతమే అయితే, మొదటి సందర్భంలో లాభనష్టాలు సమానం. రెండో సందర్భంలో లోటు 10 కిలోలు. పంట అదే, దిగుబడి అదే. బుడిపెలు ఎంత చురుగ్గా పనిచేశాయి, కళ్లం తర్వాత వ్యర్థాలు ఎటు వెళ్లాయి అన్న రెండు విషయాలే ఫలితాన్ని మార్చాయి.

లోటు చూపిన సందర్భంలో కూడా పప్పు పంట వృథా అని అర్థం కాదు. అదే గింజ దిగుబడిలోని నత్రజనిని ధాన్యపు పంట ఇవ్వాలంటే మొత్తం నేల నుంచో, ఎరువు నుంచో రావాల్సి ఉండేది. పప్పు పంట కుటుంబానికి మాంసకృత్తులు, రైతుకు ఆదాయం ఇస్తూ నేలపై తక్కువ భారం మోపింది. అయితే భారం తగ్గించడం వేరు, నేలను బలపరచడం వేరు. పశువులు మేసిన పొట్టు పేడ రూపంలో మళ్లీ అదే పొలానికి చేరితే లోటులో కొంత భాగం భర్తీ అవుతుంది. పేడ పిడకలై పొయ్యిలోకి చేరితే ఆ మార్గం మూసుకుపోతుంది.

కృష్ణా, గోదావరి డెల్టాల అనుభవం

ఆంధ్రప్రదేశ్ డెల్టా ప్రాంతాల్లో వరి కోతకు రెండు, మూడు రోజుల ముందు మినుము లేదా పెసర విత్తనం చల్లడం దశాబ్దాలుగా ఉన్న పద్ధతి. నవంబరు, డిసెంబరు నెలల్లో మొలిచిన పంట, నేలలో మిగిలిన తేమతో, మంచుతో ఫిబ్రవరి, మార్చి నాటికి చేతికి వస్తుంది. గుంటూరు సమీపంలోని లాం పరిశోధన స్థానం ఈ పరిస్థితులకు తగిన మినుము రకాలను అందించింది.

కాలక్రమంలో ఈ పద్ధతికి సవాళ్లు ఎదురయ్యాయి. పల్లాకు తెగులు, బంగారు తీగ దిగుబడులను దెబ్బతీశాయి. కోత యంత్రాల రాకతో, ముందుగా చల్లిన విత్తనం, మొలకలు చక్రాల కింద నలగడం సమస్యగా మారింది. నీటి వసతి ఉన్న చోట్ల చాలామంది రైతులు వరి తర్వాత దుక్కి లేకుండా మొక్కజొన్న వేయడం మొదలుపెట్టారు. ఆదాయం పెరిగింది, కానీ నత్రజని లెక్క తారుమారైంది. రబీ మొక్కజొన్నకు హెక్టారుకు 200 కిలోల స్థాయిలో నత్రజని అవసరం. దాదాపు ఎరువు లేకుండా పండే పంట స్థానంలో హెక్టారుకు పదికి దగ్గరగా యూరియా బస్తాలు కోరే పంట వచ్చింది. ధాన్యం తర్వాత ధాన్యం వేసే ఈ క్రమంలో పొలానికి గాలి నుంచి నత్రజని తెచ్చే దశే లేకుండా పోయింది.

మందిర్ హసౌద్ ఉన్న మైదానానికి కూడా ఈ ప్రశ్న వర్తిస్తుంది. కాల్వలు, బోర్ల నీటితో వేసవి వరి సాగైన చోట ఉతేరాకు చోటు ఉండదు. కోత యంత్రాలు వచ్చిన చోట మొలకల నష్టం ఉంటుంది. వరి కోత తర్వాత పశువులను స్వేచ్ఛగా వదిలే ఆనవాయితీ పప్పు పంటకు మరో ముప్పు. పశువులను కట్టడి చేసే ‘రోకా-ఛేకా’ అనే పాత గ్రామ కట్టుబాటును ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020లో ప్రచార కార్యక్రమంగా చేపట్టింది. పశువులను కట్టడి చేయడం పొలంలోని నత్రజనికి కూడా సంబంధించిన విషయమే.

మెట్ట నేలల్లో జోడీలు

తృణధాన్యాలు, పప్పుధాన్యాలు నిజంగా పక్కపక్కనే సీజనంతా పెరిగేది మెట్ట పొలాల్లో. ఛత్తీస్‌గఢ్ ఎత్తు నేలల్లో అరికె, కంది కలిపి వేస్తారు. వరి మడి గట్లపై కంది నాటడం అక్కడా, తెలుగు రాష్ట్రాల్లోనూ కనిపిస్తుంది. తెలంగాణ, రాయలసీమల్లో జొన్న, కంది జోడీ ప్రాచీనమైనది. కొర్ర ఐదు వరుసలకు కంది ఒక వరుస, మొక్కజొన్న రెండు వరుసలకు కంది ఒక వరుస వంటి నిష్పత్తులను వ్యవసాయ విశ్వవిద్యాలయాలు సిఫార్సు చేస్తున్నాయి. 1972లో ఏర్పడిన పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో జొన్న, కంది జోడీపై విస్తృత పరిశోధనలు జరిగాయి.

ఈ జోడీ బలం కాలవ్యత్యాసంలో ఉంది. జొన్న త్వరగా ఎదిగి సుమారు నాలుగు నెలల్లో కోతకు వస్తుంది. అంతవరకు కంది నెమ్మదిగా పెరుగుతుంది. జొన్న కోసిన తర్వాత కందికి వెలుతురు, చోటు దొరుకుతాయి. లోతుకు దిగిన తల్లివేరుతో అది మిగిలిన తేమను అందుకుంటుంది. కంది తన ఆకులను పెద్ద మొత్తంలో నేలపై రాల్చుతుంది. గింజ, కట్టె ఇంటికి చేరినా ఈ ఆకు పొలంలోనే ఉంటుంది. కంది తర్వాత వేసిన పంట బాగుంటుందన్న రైతుల అనుభవానికి ఇదొక ప్రధాన కారణం.

కలిపి వేయడం లాభమో కాదో తేల్చడానికి శాస్త్రవేత్తలు భూమి సమాన నిష్పత్తిని వాడతారు. ఉదాహరణకు, కలిపి వేసినప్పుడు జొన్న తన విడి దిగుబడిలో 80 శాతం, కంది తన విడి దిగుబడిలో 50 శాతం ఇస్తే, రెండూ కలిపి నిష్పత్తి 1.3 అవుతుంది. అంతే దిగుబడిని విడివిడిగా పొందాలంటే 1.3 హెక్టార్లు కావాలని దీని అర్థం. నిష్పత్తి ఒకటి దాటితే కలయిక ఫలించినట్టు. అయితే ఇది దిగుబడి కొలత మాత్రమే. నేలలో మిగిలిన నత్రజనిని ఇది చెప్పదు. రెండు పంటలూ బాగా పండి, రెండింటి గింజ, చొప్ప, కట్టె అన్నీ పొలం దాటితే, నేల నుంచి వెళ్లిన మొత్తం కూడా పెరుగుతుంది.

రైతు చేతిలో ఉన్న మార్గాలు

నత్రజని లెక్కను లాభం వైపు మళ్లించే పనుల్లో చాలావరకు ఖర్చు తక్కువవే.

యూరియాను పొలమంతా చల్లకుండా ధాన్యపు వరుసలకే పరిమితం చేయాలి. పప్పు వరుసల్లో పడిన యూరియా బుడిపెల పనిని మందగింపజేస్తుంది. పప్పు పంటలకు సాధారణంగా సిఫార్సు చేసేది ఆరంభంలో హెక్టారుకు 20 కిలోల నత్రజని మాత్రమే. బుడిపెలు పని మొదలుపెట్టే వరకు మొలకను నిలబెట్టడానికే అది.

బుడిపెలకు భాస్వరం తప్పనిసరి. శక్తి మార్పిడి అంతా దానిపైనే ఆధారపడుతుంది. ఇనుము, మాలిబ్డినం కూడా నైట్రోజనేస్ నిర్మాణంలో భాగం. ఆమ్ల గుణం గల ఎర్రనేలల్లో మాలిబ్డినం అందుబాటు తక్కువ. అలాంటి చోట భూసార పరీక్ష సూచించిన మేరకు సున్నం వేస్తే మేలు జరుగుతుంది.

ఆ పప్పు జాతి గతంలో ఎన్నడూ వేయని పొలమైతే రైజోబియం పట్టించడం వల్ల ప్రయోజనం ఎక్కువ. ప్రతి పప్పు జాతికి తగిన బ్యాక్టీరియా వేరు. శనగ కోసం తయారైన కల్చర్ మినుముకు పనికిరాదు. చల్లని బెల్లం నీటితో కలిపి విత్తనానికి పట్టించి, ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టాలి. శిలీంధ్రనాశని వాడితే ముందు దాన్ని పట్టించి, చివరగా కల్చర్ పట్టించాలి.

కోత సమయంలో మొక్కను వేరుతో పీకడం కంటే కొడవలితో నేలమట్టానికి కోయడం మేలు. వేర్లు, బుడిపెలు నేలలోనే ఉండిపోతాయి. కళ్లంలో మిగిలిన పొట్టును తగలబెట్టకూడదు. వరి కొయ్యలను, గడ్డిని కాల్చితే అందులోని నత్రజనిలో అధిక భాగం గాలిలో కలుస్తుంది. మేత అవసరం ఉన్న కుటుంబం కనీసం పేడనైనా అదే పొలానికి చేర్చాలి.

నీరు నిలిచే చోట సన్నని కాల్వలు తీసి మురుగు పోనివ్వాలి. నీటిలో మునిగిన బుడిపెకు గాలి అందదు. నేల తేమగా ఉండటం వేరు, బురదగా ఉండటం వేరు.

పప్పు పంట పనితీరు చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. పూత దశలో పొలంలో అక్కడక్కడా కొన్ని మొక్కలను మట్టితో సహా తవ్వి, నీటిలో కడిగి చూడాలి. బుడిపెలు తల్లివేరు చుట్టూ గుత్తులుగా ఉండి, చీల్చితే గులాబీ రంగులో ఉంటే పంట గాలి నుంచి నత్రజని తీసుకుంటున్నట్టు. బుడిపెలే లేకపోతే, ఆ పప్పు పంట కూడా వరిలాగే నేల నత్రజనిపైనే బతుకుతోందని గ్రహించాలి.

ఒక్క ఏడాదిలో తేలే లెక్క కాదు

2015లో మొదలైన భూసార ఆరోగ్య కార్డు పథకం కింద పరీక్ష చేయించిన రైతులు, పప్పు పంట వేసిన మరుసటి ఏడాది నత్రజని అంకె పెరగలేదని నిరాశపడే అవకాశం ఉంది. దేశంలో వాడుకలో ఉన్న ప్రమాణాల ప్రకారం లభ్య నత్రజని హెక్టారుకు 280 కిలోల లోపు ఉంటే తక్కువ, 280 నుంచి 560 వరకు మధ్యస్థం, అంతకు మించితే ఎక్కువ. ఒక సీజను పప్పు పంట మిగిల్చేది కొద్ది కిలోల నుంచి కొన్ని పదుల కిలోలు. నమూనా తీసిన చోటు, తీసిన నెల మారితేనే అంత తేడా వస్తుంది. అందుకే ఒక్క పరీక్ష ఈ మార్పును పట్టుకోలేదు. పరిశోధన కేంద్రాలు దీర్ఘకాలిక ప్రయోగాలు నిర్వహించేది, నత్రజని-15 ఐసోటోపుతో గాలి వాటాను, నేల వాటాను విడదీసి చూసేది ఇందుకే.

రైతుకు అందుబాటులో ఉన్న కొలత మరొకటుంది. పొలంలో ఒక చిన్న మడిని పప్పు వేయకుండా వదిలి, తర్వాతి వరికి రెండు చోట్లా ఒకే మోతాదు యూరియా వేసి పైరు రంగును, పిలకలను, దిగుబడిని పోల్చవచ్చు. తేడా స్పష్టంగా కనిపించిన చోట మాత్రమే మరుసటి ఏడాది ఎరువును కొద్దికొద్దిగా తగ్గించడం సురక్షితం. పప్పు వేశామన్న ధైర్యంతో తొలి ఏడాదే యూరియా మానేస్తే వరి దిగుబడి పడిపోయి, నింద పప్పు పంటపై పడే ప్రమాదం ఉంది.

ధాన్యం, పప్పు కలిపి సాగు చేయడం నేలకు మేలు చేస్తుందన్న పూర్వీకుల అవగాహనను శాస్త్రం తోసిపుచ్చలేదు. ఆ మేలుకు షరతులు ఉన్నాయని మాత్రం తేల్చింది. చురుకైన బుడిపెలు, పొలంలోనే మిగిలే ఆకు, వేరు, తిరిగి చేరే పేడ ఉంటేనే గాలిలోని నత్రజని మట్టిలో నిల్వగా మారుతుంది. ఇవి లేని చోట పప్పు పంట వచ్చి వెళ్తుంది, నేల మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది.